పేగు కణంలో జన్యువులన్నీ ఉంటే వందకు ఒకటో రెండో మాత్రమే తోకకప్పలు ఎందుకవుతాయి?

ప్రశ్న:
ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నానండీ, జీవశాస్త్రవేత్త జాన్ గర్డన్ 1962 పేపర్ దగ్గర ఆగిపోయాను. జెనోపస్ అనే రకం కప్ప పిల్ల, అంటే తోకకప్ప, పేగు కణాల కేంద్రకాలను, సొంత కేంద్రకాన్ని అల్ట్రావయొలెట్‌తో చంపేసిన అండాల్లోకి ఎక్కించారు. 726 ఎక్కిస్తే సరైన తోకకప్పలైనవి 10. పేగు కణంలో జన్యువులన్నీ పోకుండా ఉన్నాయనడానికి ఇదే రుజువంటారు. మరి మిగతావన్నీ ఎందుకు పోయినట్టు? ఆ పదీ అయినా, అండం సొంత కేంద్రకం చావకుండా మిగిలి పుట్టించినవి కావని గ్యారంటీ ఏంటి?

జవాబు 1:
ముందు రెండోదానికి చెప్తా, ఆ ప్రయోగంలో నాకు బాగా నచ్చింది అదే. మామూలు జెనోపస్ కణంలో కేంద్రకానికి రెండు న్యూక్లియోలస్‌లు (కేంద్రకం లోపల కనిపించే చిన్న ఉండలు) ఉంటాయి, ఆక్స్‌ఫర్డ్ ల్యాబులో ఒక్కటే ఉన్న రకం దొరికింది. కేంద్రకాలు ఆ రకానివి, అండాలు మామూలు కప్పవి. పుట్టిన తోకకప్ప కణాలను మైక్రోస్కోపు కింద చూసి న్యూక్లియోలస్‌లు లెక్కపెడితే ఎవరి బిడ్డో తేలిపోతుంది.

జవాబు 2:
మిగతావి పోవడానికి పెద్ద కారణం టైమ్ చాలకపోవడం. పేగు కణం తీరిగ్గా విభజన చెందేది, అండంలో అలా కుదరదు, గంటన్నరలో మొదటి విభజన, ఆ తర్వాత దాదాపు అరగంటకొకటి. అండంలో పడ్డ కేంద్రకం బాగా ఉబ్బుతుంది, అప్పటిదాకా పనిచేస్తున్న జన్యువులు ఆగిపోతాయి, డీఎన్ఏ నకలు మొదలవుతుంది, అది పూర్తికాకముందే విభజన ముంచుకొస్తే క్రోమోజోములు తెగిపోతాయి. ఒక్కోసారి కేంద్రకం మొదటి విభజన దాటేసి ఒక సగంలోనే ఉండిపోయి, అక్కడ నకలు పూర్తిచేసుకుంటుంది. అలాంటి సగం పిండంలోంచి కేంద్రకం తీసి ఇంకో అండంలోకి ఎక్కిస్తే ఫలితం చాలా మెరుగవుతుంది. జన్యువులే పోయి ఉంటే రెండోసారి ఎక్కించినంత మాత్రాన తిరిగి రావు కదా.

జవాబు 3:
పైన చెప్పింది నిజమే కానీ టైమ్ ఒక్కటే కాదు, పాత పని గుర్తు కూడా అడ్డమే. కండరం కాబోయే కణం కేంద్రకం ఎక్కిస్తే, ఆ పిండంలో కండరంతో సంబంధం లేని కణాల్లో కూడా కండరానికి సంబంధించిన మయోడీ జన్యువు పనిచేస్తూ కనిపించింది. హెచ్3.3 అనే హిస్టోన్‌కు (డీఎన్ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్) ఇందులో పాత్ర ఉందని గర్డన్ బృందమే 2008లో చూపించింది. విభజన గొడవ లేకుండా కేంద్రకం మారడాన్ని మాత్రమే చూడాలంటే పక్వం కాని అండకణం తీసుకోండి, అందులో విభజన ఉండదు. మనిషి రక్తకణాల కేంద్రకాలను దాంట్లోకి ఎక్కిస్తే, మూలకణాల్లో పనిచేసే ఆక్ట్4 జన్యువు మేల్కొంది. 2003 పేపర్ అది, తప్పకుండా చదవండి.