మందు చుక్కలు వేస్తున్నా కుక్క ఒంటి మీద పిడుదులు కనిపిస్తున్నాయి, ఎందుకు?

ప్రశ్న

మా లాబ్రడార్ బరువు 28 కిలోలు. పశువైద్యుని సలహాపై నెలకోసారి ఫిప్రోనిల్ చుక్కల మందు మెడ వెనుక వేస్తున్నాము. అయినా గడ్డిలో తిరిగి వచ్చినప్పుడల్లా చెవి మడతల్లోనూ కాలివేళ్ల సందుల్లోనూ పిడుదులు దొరుకుతూనే ఉన్నాయి. పైగా తోక మొదట్లో అదేపనిగా కొరుక్కుంటోంది. అక్కడ వెంట్రుకలు పాయ తీసి చూస్తే మిరియాల పొడి లాంటి నల్లటి నలుసులు కనిపించాయి. వారానికోసారి షాంపూతో స్నానం చేయిస్తాము. మోతాదు పెంచవచ్చా, లేక పదిహేను రోజులకోసారి వేయవచ్చా?

జవాబు 1

రెండూ వద్దు. పిపెట్ (మందు నింపి వచ్చే చిన్న గొట్టం) మీద రాసిన బరువు తరగతిలోకి మీ కుక్క వస్తుందో లేదో మాత్రం సరిచూసుకోండి.

ఫిప్రోనిల్ పిడుదులను దగ్గరికి రానీయకుండా తరిమే మందు కాదు, ఎక్కిన వాటిని చంపే మందు. అది రక్తంలోకి పెద్దగా చేరదు. చర్మం మీది జిడ్డుతో పాటు ఒకటి రెండు రోజుల్లో ఒళ్లంతా పాకి, వెంట్రుకల కుదుళ్ల దగ్గరి తైలగ్రంథుల్లో నిలిచి, అక్కడి నుంచి కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. ఒంటి మీదికి ఎక్కిన పిడుదు చావడానికి 48 గంటల దాకా పట్టవచ్చు కనుక, పిడుదు కనబడినంత మాత్రాన మందు పనిచేయలేదని అనుకోనక్కర లేదు. ఎండిపోయి, ముట్టుకుంటే రాలిపోతుంటే మందు పనిచేసినట్టే. రక్తం తాగి బాగా ఉబ్బి, కాళ్లు కదుపుతూ ఉన్నవి తరచుగా దొరుకుతుంటేనే అనుమానించాలి.

అప్పుడు ముందుగా చూడవలసింది మందు వేసే తీరు. వెంట్రుకలను రెండు వైపులకూ విడదీసి, చర్మం కనబడ్డాక పిపెట్ మొనను దానికి ఆనించి పిండాలి. బొచ్చు మీద పడిన మందు అక్కడే ఎండిపోతుంది. మందుకు రెండు రోజుల ముందు, తరువాత రెండు రోజులు స్నానం మానండి. వారం వారం షాంపూ పెడితే ఆ జిడ్డుతో పాటు మందూ కొంత పోతుంది.

జవాబు 2

నల్లటి నలుసులను తడి దూది మీద వేసి చూడండి. చుట్టూ ఎర్రటి మరక దిగితే అది ఫ్లీల (బొచ్చులో దూకుతూ తిరిగి రక్తం తాగే చిన్న పురుగుల) మలం, అంటే జీర్ణమైన రక్తం. కుక్క ఒంటి మీద ఉండే ఫ్లీలు మొత్తం సంతతిలో చిన్న భాగమే. గుడ్లు బొచ్చులోంచి జారి పరుపులోకి, నేల పగుళ్లలోకి చేరతాయి. గూడు కట్టుకున్న ప్యూపా (పిల్లపురుగు పెద్ద పురుగుగా మారే) దశలో పురుగుమందు వాటికి సరిగా తగలదు. అలికిడి, వెచ్చదనం తగిలేదాకా నెలల తరబడి లోపలే ఉండిపోగలవు. అందువల్ల మందు పనిచేస్తున్నా కొంతకాలం కొత్తవి పుట్టుకొస్తూనే ఉంటాయి. పరుపు గుడ్డలను వేడినీటిలో ఉతకడం, మూలమూలలా వాక్యూమ్ చేయడం తప్పనిసరి.

కుక్కలకు పట్టే గోధుమ రంగు పిడుదు ఇంట్లోనే తన జీవితమంతా గడిపేయగలదు. రక్తం తాగిన ఆడది గోడ పగుళ్లలోకి దూరి వేల గుడ్లు పెడుతుంది. ఎర్లీషియా, బబీసియా జ్వరాలు దీని ద్వారా వస్తాయి. కాబట్టి మందును నమ్ముకుని రోజువారీ వెతుకులాట మానకండి. దొరికిన దాన్ని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలిపెట్టకుండా నిటారుగా లాగండి. కిరోసిన్ పోయడం వంటి చిట్కాలు వద్దు. కుక్క నీరసించినా, చిగుళ్లు పాలిపోయినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే వైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి.

అసలు పిడుదులు కరవకముందే తరిమేది కావాలంటే పర్మెత్రిన్ ఉన్న చుక్కల మందు గురించి అడగండి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. దూది మీద ఎర్రటి మరకే దిగింది. మా ఇంట్లో ఒక పిల్లి కూడా ఉంది, అది కుక్క పక్కనే పడుకుంటుంది. పర్మెత్రిన్ వాడవచ్చా?

జవాబు 3

వాడవద్దు. పర్మెత్రిన్‌ను విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. కుక్కకు వేసిన చోట నాకినా, తడి ఆరకముందు రాసుకున్నా వణుకు, మూర్ఛలు వచ్చి ప్రాణానికే ముప్పు కావచ్చు. మీ ఇంట్లో ఫిప్రోనిల్ కొనసాగించడమో, నోటి ద్వారా ఇచ్చే ఫ్లూరలానర్, అఫాక్సొలానర్ వంటి మాత్రలకు మారడమో మేలు. కుక్కకు గతంలో మూర్ఛలు వచ్చి ఉంటే ఆ సంగతి మాత్రలకు ముందే వైద్యునికి చెప్పాలి.

పిల్లికి కుక్క పిపెట్‌లో సగం వేసే అలవాటు కొందరికి ఉంది, అది ప్రమాదకరం. దాని కోసం తయారైన మందునే దాని బరువుకు తగ్గట్టు వేయండి. కుక్కల మీద ఎక్కువగా కనిపించేది పిల్లి ఫ్లీ అనే జాతే కనుక, ఒకదానికి వేసి రెండోదాన్ని వదిలేస్తే ఇంట్లో ఫ్లీలు తగ్గవు.