కాసియోబరీ భవనం, తోటల గురించి తెలిసినవారు ఉన్నారా?

లండన్‌కు వాయవ్యాన వాట్‌ఫర్డ్‌లో ఉంటున్నాను. రోజూ నడకకు వెళ్లే కాసియోబరీ పార్కు ఒకప్పుడు ఎసెక్స్ ఎర్ల్ (ఎర్ల్ అంటే ఇంగ్లండులో ఒక ప్రభు బిరుదు) వంశం వారి ఎస్టేటు అని ఈమధ్యే తెలిసింది. 1922లో ఇంట్లోని సామాను వేలం వేశారట, 1927లో ఇల్లే కూల్చేశారు. నగిషీలు చెక్కిన చెక్క మెట్లు మాత్రం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం చేరాయి. ఇల్లు పోయి మెట్లు మిగలడం విడ్డూరమే!

నాకు కావలసింది తోటల సంగతి. 17వ శతాబ్దంలో ఎస్టేటు తోటమాలి మోసెస్ కుక్ నాటించిన చెట్ల బారులు, తర్వాత తోటల రూపశిల్పి హంఫ్రీ రెప్టన్ చేసిన మార్పులు విడివిడిగా తెలిసే పాత పటాలు ఎక్కడ చూడవచ్చు? భవనం సరిగ్గా ఎక్కడ ఉండేదో గుర్తుపట్టడం ఎలా? వచ్చే నెల మా నాన్నగారు వస్తున్నారు, చరిత్ర ఉపాధ్యాయులు. ‘ఏమో’ అంటే ఊరుకోరు.