పదిహేనేళ్లకే మందు ముట్టుకుంటే డ్రగ్స్ దాకా వెళ్తారా? అందరి విషయంలోనూ ఇదే లెక్కా?

నీలిమేఘం:
మా అన్నయ్య కొడుకు పదో తరగతి. స్నేహితులతో బీరు తాగి దొరికిపోయాడు. "ఇవాళ బీరు, రేపు గంజాయి" అని ఇంట్లో ఒకటే టెన్షన్. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1975లో డెనిస్ కాండెల్ అనే పరిశోధకురాలు అమెరికా హైస్కూలు పిల్లల్లో ఒక వరుస గమనించారు: ముందు బీరు, వైను. తర్వాత సిగరెట్లు, ఘాటు మద్యం. ఆ తర్వాత గంజాయి, ఆపైన మిగతా డ్రగ్స్. 1990లలో అక్కడే జరిగిన ఒక పెద్ద సర్వేలో, 15 ఏళ్లలోపు తాగడం మొదలుపెట్టిన వాళ్లలో దాదాపు 40 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు మందుకు బానిసలయ్యారు. 20 దాటాక మొదలుపెట్టిన వాళ్లలో 10 శాతమే. తొలి గ్లాసునే ఆపాలన్నది నా వాదన.

వానచినుకు:
ఒకదాని తర్వాత ఒకటి వచ్చినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం అయిపోదండీ. 1999లో ప్రెస్కాట్, కెండ్లర్ వర్జీనియా కవలలను పరిశీలించి, చిన్న వయసులో తాగడానికీ తర్వాత బానిస కావడానికీ వేరు చాలావరకు ఒకటేనని, అది కుటుంబం నుంచి వచ్చే స్వభావంలో ఉందని తేల్చారు.

ఇక అందరికీ ఇదే లెక్క అనే మాట అసలు నిలవదు. మిషిగన్ యూనివర్సిటీ 1975 నుంచి ఏటా చేస్తున్న స్కూలు సర్వేలో నల్లజాతి పిల్లలు తెల్లజాతి పిల్లల కంటే తక్కువ తాగుతున్నట్టు ఏళ్ల తరబడి తేలింది. పెద్దయ్యాక మాత్రం ఆ తేడా అంతగా మిగలదు. టీనేజ్‌లో తక్కువ తాగడమే రక్ష అయితే అది జీవితాంతం నిలవాలి కదా? పేదరికం, వివక్ష, చికిత్స అందకపోవడం, ఇవన్నీ ఆ తర్వాతి ఏళ్లలోనూ మీద పడతాయి. వాటిని వదిలేసి మొదటి గ్లాసు దగ్గరే ఆగిపోతే ఆ పిల్లలకు అన్యాయం చేసినట్టే.

17 దేశాల సర్వేలను కలిపి 2010లో చూసినప్పుడు కూడా ఈ వరుస దేశాన్ని బట్టి మారింది. జపాన్‌లో గంజాయి మెట్టు దాటకుండానే ఇతర డ్రగ్స్‌కు వెళ్లినవాళ్లు కనిపించారు.

నీలిమేఘం:
కవలల మాట ఒప్పుకుంటాను. కానీ శరీరం పాత్రే లేదంటారా? 2017లో ఎలుకలకు ముందు మద్యం అలవాటు చేసి తర్వాత కొకైన్ ఇస్తే, దాని కోసం అవి మరింత మొండిగా వెంపర్లాడాయి.

రెండోబెంచి:
నేను టీనేజ్ పిల్లలకు కౌన్సెలింగ్ చేస్తాను. స్కూలు సర్వేలకు ఒక లోటు ఉంది: చదువు మానేసిన పిల్లలు వాటిలో ఉండరు. ఎక్కువ ముప్పు వాళ్లకే.

ఎప్పుడు మొదలుపెట్టాడన్న దానికంటే ఎలా తాగుతున్నాడన్నదే నేను ముందు అడుగుతాను. నలుగురిలో ఒకసారి రుచి చూడటం ఒకటి, వారం వారం స్పృహ తప్పేదాకా తాగడం ఇంకొకటి. అన్నిటికంటే నాకు భయం ఒంటరిగా తాగే పిల్లల గురించి. దిగులు మరవడానికి తాగేది ఎక్కువగా వాళ్లే. పెద్దయ్యాక మద్యం సమస్యలు ఎక్కువగా కనిపించేదీ వాళ్లలోనే. అలాంటి పిల్లవాడిని కొట్టి గదిలో పెడితే ఆ ఒంటరితనం ఇంకా పెరుగుతుంది.

నీలిమేఘం:
మావాణ్ని నిన్నటి నుంచి గదిలోనే ఉంచారండీ. ఎందుకు తాగావని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఇప్పుడే అన్నయ్యకు ఫోన్ చేస్తున్నాను.