చిన్న వాటర్ పార్కులో పసిపిల్లల పక్కన పెద్దవారు నీళ్లలోనే ఉండాలన్న నియమం సబబేనా?

నీలిగడప:
ఇంటిల్లిపాదీ కలిసి ఒక రోజు సరదాగా గడపడానికి ఎక్కడో ఉన్న పెద్ద వాటర్ పార్కు కన్నా దగ్గరలో ఉన్న చిన్నదే మేలని అనుకునేవారు చాలామంది ఉన్నారు. రెండు మూడు స్లైడ్లు, పసివాళ్లకు లోతు తక్కువగా ఉండే ఒక కొలను, నిండగానే బోర్లాపడే పెద్ద బకెట్, కూర్చోవడానికి కాస్త నీడ ఉంటే చాలు, అంతా ఒక్క చూపులో కనిపిస్తుంది. అయితే అలాంటి కొన్ని చోట్ల చిన్నపిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ ఒక పెద్దవారు చేతికందే దూరంలో, తామూ నీళ్లలోనే ఉండాలన్న నియమం పెడుతున్నారు. గట్టున కూర్చుని చూసుకుంటామంటే ఒప్పుకోవడం లేదు. ఈ నియమం తప్పనిసరా, లేక లైఫ్‌గార్డు పనిని తల్లిదండ్రుల నెత్తిన వేయడమా? దయచేసి కారణాలతో సహా రాయండి.

ముగ్గురి తల్లి:
నేను ఈ నియమానికి వ్యతిరేకం. ముగ్గురు పిల్లలను వెంటబెట్టుకుని ఒంటరిగా వెళ్లే తల్లి ఏకకాలంలో ముగ్గురికీ చేతికందే దూరంలో ఎలా ఉండగలదు? పెద్దవాడు స్లైడ్ మెట్లెక్కుతుంటాడు, నడిమిది ఫౌంటెన్ దగ్గరికి లాగుతుంది, చిన్నది నీళ్లంటేనే భయపడి మెడ వదలదు. నియమాన్ని అక్షరాలా అమలు చేస్తే అలాంటి కుటుంబం గేటు దగ్గరినుంచే వెనక్కి తిరగాలి. నిండు గర్భిణులు, మోకాళ్ల నొప్పులతో బాధపడే అమ్మమ్మలు, ఈత రాని తండ్రులు పిల్లలను తీసుకురానే కూడదా?

నా అసలు అభ్యంతరం ఇంకొకటి ఉంది. డబ్బు తీసుకుని లోపలికి రానిచ్చిన తర్వాత కాపలా చూడవలసిన బాధ్యత యాజమాన్యానిదే. ఇలాంటి నియమం ఒక బోర్డు మీద రాసిపెట్టుకుంటే ఇద్దరు ఉండవలసిన చోట ఒక్క లైఫ్‌గార్డుతో సరిపెట్టడం సులువవుతుంది, రేపు ఏదైనా జరిగితే "పక్కన మీరెందుకు లేరు?" అని తల్లినే నిలదీయడం ఇంకా సులువవుతుంది.

ఈతగురువు:
ముగ్గురి తల్లి గారూ, మీరు చెప్పిన ఇబ్బంది నిజమైనదే, యాజమాన్యం గురించి మీ అనుమానమూ నిరాధారమైనది కాదు. అయినా నేను నియమం పక్షానే ఉంటాను, ఎందుకంటే నీళ్లలో ప్రమాదం మనం ఊహించుకునే తీరులో జరగదు. మునిగిపోతున్నవారు చేతులు ఊపుతూ కేకలు పెడతారని అనుకుంటాం. అమెరికాలో లైఫ్‌గార్డుగా పనిచేసి, నిజంగా మునిగిపోతున్నవారి కదలికలను అధ్యయనం చేసిన ఫ్రాంక్ పియా చెప్పింది ఇందుకు పూర్తిగా భిన్నం. ఊపిరి కోసమే పెనుగులాడుతున్న మనిషికి కేక వేయడానికి గాలి మిగలదు. చేతులు పక్కలకు చాచుకుని నీటిని కిందికి నొక్కుతుంటాయే గాని పైకి లేవవు. తల వెనక్కి వాలి, నోరు నీటిమట్టం దగ్గరే తేలుతూ మునుగుతూ ఉంటుంది. శరీరం నిటారుగానే ఉంటుంది. ఆ స్థితిలో 20 నుంచి 60 సెకన్లకు మించి పైన నిలవలేరు. గట్టున కూర్చున్నవారికి ఆ పిల్లవాడు నీళ్లలో నిలబడి ఆడుకుంటున్నట్టే కనిపిస్తాడు.

ఇప్పుడు లైఫ్‌గార్డు సంగతి చూద్దాం. వారి శిక్షణలో 10/20 అనే కొలత ఒకటి వాడుకలో ఉంది. తన పరిధిలో ఎవరైనా ఆపదలో ఉంటే 10 సెకన్లలో గుర్తించాలి, మరో 20 సెకన్లలో వారిని చేరుకోవాలి. అంటే శిక్షణ పొందిన మనిషి రెప్పవాల్చకుండా చూస్తున్నా, అంతా సవ్యంగా సాగినా అరనిమిషం పట్టవచ్చు. చేతికందే దూరంలో ఉన్న తండ్రికి ఒక్క క్షణం చాలు. లైఫ్‌గార్డు ఎంత సమర్థుడైనా రెండో అంచెగానే ఉండగలడు, మొదటి అంచె మనమే.

"అంతా ఒక్క చూపులో కనిపిస్తుంది" అన్న నీలిగడప గారి మాట దగ్గరే నాకు భయం వేస్తుంది. చిన్న చోటు అనగానే కలిగే నిశ్చింతలోనే ముప్పు ఉంది. ఆ పెద్ద బకెట్ బోర్లాపడే క్షణాన్ని గమనించండి. గంట మోగగానే పిల్లలంతా దాని కిందికి పరుగెడతారు, నీళ్లు ఒక్కసారిగా దబ్బున పడతాయి, కొన్ని సెకన్లపాటు నురగ తప్ప మరేమీ కనిపించదు. ఆ ఉరవడికి మూడేళ్ల పాప కూలబడితే, చుట్టూ ఉన్న కాళ్ల మధ్య ఆమె ఎక్కడుందో గట్టు మీదినుంచి తెలియదు. లోతు మోకాలి దాకానే కదా అంటారు, కాని కూర్చుండిపోయిన పసిపాపకు అది ముఖం మునిగేంత లోతు. పాప లేత నీలం రంగు ఈతదుస్తులు వేసుకుని ఉంటే అదే రంగు అడుగున్న కొలనులో బొత్తిగా కలిసిపోతుంది, అందుకే ముదురు నారింజ, గులాబీ వంటి కొట్టొచ్చే రంగులు వేయమని చెబుతారు. గాలి ఊది చేతులకు తొడిగే పట్టీలను నమ్మి దూరం జరిగేవారూ ఉన్నారు. అవి జారిపోతాయి, వాటిలోంచి గాలి దిగిపోతుంది, ప్రాణరక్షణ సాధనాలుగా వాటిని ఎవరూ లెక్కించరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారు, వారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలే. నదులు, చెరువులు, బావుల దగ్గర జరిగినవి కూడా అందులో ఉన్నాయి కాబట్టి ఆ లెక్కను వాటర్ పార్కులకు అంటగట్టను. నీళ్ల దగ్గర అందరికన్నా ముందు కాపాడుకోవలసింది ఏ వయసువారినో మాత్రం అది స్పష్టంగా చెబుతోంది.

గట్టుమీది తాత:
నేను నీళ్లలో దిగలేను, అయినా మనవలను తీసుకుని వెళుతుంటాను. ఈతగురువు గారి వాదనలో ఒక కోణం తప్పిపోయింది. నీళ్లలో నిలబడ్డవారికి ఎండ మెరుపు కళ్లలో పడుతుంది, ముందున్న మనుషులు అడ్డొస్తారు. కాస్త ఎత్తున నిలబడ్డవారికి కొలను అడుగు దాకా కనిపిస్తుంది. నా కోడలు నీళ్లలో చిన్నవాడి పక్కన ఉంటే, నేను పైనుంచి పెద్ద మనవలిద్దరినీ కనిపెట్టుకుని ఉంటాను, పావుగంటకోసారి నా కొడుకు, కోడలు చోట్లు మార్చుకుంటారు. ఎవరి వంతో నోటితో చెప్పుకున్నాకే మారతారు. నలుగురు పెద్దవాళ్లున్న చోట ప్రతివారూ పక్కవారు చూస్తున్నారనుకునే ప్రమాదం ఉంది కదా. చూసే వంతు ఉన్నవారి చేతిలో ఫోన్ ఉండకూడదు. వీడియో తీసేవారికి తెరలో ఒక్క పిల్లే కనిపిస్తుంది.

స్వచ్ఛజలం:
నీటి శుభ్రత వైపునుంచి ఒక విషయం చెప్పాలి. చిన్న కొలనులో నీటి పరిమాణం తక్కువ, అందులో పిల్లలతోపాటు అంతమంది పెద్దలు కూడా దిగితే చెమట, మురికి పెరిగి క్లోరిన్ త్వరగా ఖర్చయిపోతుంది. కొలను దగ్గర ఘాటుగా వచ్చే వాసనను చాలామంది శుభ్రతకు గుర్తు అనుకుంటారు. నిజానికి క్లోరిన్ చెమటతోను, మూత్రంతోను కలిసినప్పుడు పుట్టే క్లోరమైన్ల వాసన అది, కళ్లు మండేదీ ఎక్కువగా వాటివల్లే. కొలను నీటిలో క్లోరిన్ కనీసం 1 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఒక భాగం) ఉండాలని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సిఫారసు చేస్తుంది. ఆ మోతాదు సరిగా ఉన్నా విరేచనాలు కలిగించే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి 7 రోజులకు పైగా బతకగలదు.

అయినా పెద్దలు దిగకూడదని నేననను. పక్కనే ఉన్న తల్లికే బిడ్డ ఎప్పుడు మరుగుదొడ్డికి వెళ్లాలో తెలుస్తుంది. గంటకోసారి బయటికి తీసుకెళ్లడం, దిగేముందు అందరూ స్నానం చేయడం, కడుపు బాగాలేని పిల్లలను ఆ రోజుకు ఇంట్లోనే ఉంచడం నియమంలో భాగం కావాలి. నీళ్లలోకి వేసే ప్రత్యేక డైపర్లు ద్రవాన్ని ఆపలేవు, వాటిని చూసి ధీమా పడకూడదు.

ముగ్గురి తల్లి:
ఈతగురువు గారు చెప్పిన అరనిమిషం లెక్క నన్ను ఆలోచింపజేసింది. నడక సరిగా రాని పిల్లల విషయంలో ఇక వాదించను. కాని అన్ని వయసులకూ ఒకే కొలబద్ద అన్యాయం. బ్రిటన్‌లోని చాలా ఈతకొలనుల్లో నాలుగేళ్లలోపు పిల్లలకు ఒక్కొక్కరికి ఒక పెద్దవారు, నాలుగు నుంచి ఏడేళ్ల వరకు ఇద్దరికి ఒకరు ఉంటే చాలునన్న పద్ధతి నడుస్తోంది. అలాంటి తేడా ఇక్కడెందుకు ఉండకూడదు? ఈత వచ్చిన ఆరేళ్ల పిల్లకు చిన్న పరీక్ష పెట్టి, చేతికి గుర్తుగా ఒక పట్టీ కట్టి మినహాయింపు ఇవ్వవచ్చు. యాజమాన్యం కూడా ఆ పూట ఎంతమంది లైఫ్‌గార్డులు పనిలో ఉన్నారో, ఏ కొలనుకు ఎవరో గేటు దగ్గరే రాసిపెట్టాలి. ఆ బోర్డు లేని చోట నా మీద మాత్రమే నియమం పెడితే నేను ఒప్పుకోను.

ఈతగురువు:
బోర్డు విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను, వయసును బట్టి మనుషుల లెక్క మార్చడమూ న్యాయమే. తాత గారు చెప్పిన వంతుల పద్ధతిని నేను నా శిష్యుల ఇళ్లలో చెబుతాను. ఈత పరీక్షతో మినహాయింపు ఇవ్వడానికి మాత్రం నా మనసు అంగీకరించడం లేదు. కదలని నీటిలో చక్కగా ఈదే పిల్ల కూడా స్లైడ్ కొసన వేగంగా వచ్చి పడ్డప్పుడు ముక్కులోకి నీళ్లు పోయి, ఏది పైనో ఏది కిందో తెలియక కొద్దిసేపు తడబడుతుంది, ఆ వెనకే మరో పిల్ల జారి వస్తుంది. భయపడుతోందని ఒళ్లో కూర్చోబెట్టుకుని జారడం కూడా పరిష్కారం కాదు. ఆటస్థలాల్లోని స్లైడ్లపై పెద్దల ఒళ్లో జారుతూ కాలు ఇరుక్కుని ఎముక విరిగిన పసివాళ్లున్నారు. ఈత వచ్చిన పిల్లను ఒంటరిగా మెట్లెక్కనివ్వండి, నాకు అభ్యంతరం లేదు, కాని ఆమె వచ్చి పడే చోట మీరో మీవాళ్లో నడుముల్లోతు నీళ్లలో నిలబడి ఉండాలి. ఆ ఒక్క చోట పట్టీ చూసి సడలింపు ఇవ్వకూడదన్నదే నా వాదన.