మధ్యలో మానేసే పిల్లల్ని ఆపాలంటే లెక్చరర్లని ఎలా కదపాలి? వైజాగ్ వాళ్లు చెప్పండి

మద్దిలపాలెం_మేడం:
డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తానండి. ఫస్టియర్‌లో కిక్కిరిసిన క్లాసు థర్డియర్‌కి సగం బెంచీలు ఖాళీ. ఎందుకు మానేశారని స్టాఫ్‌రూమ్‌లో అడిగితే "వాళ్లకి ఇంట్రెస్ట్ లేదండి" అంటారు, నాకది నిజం అనిపించట్లేదు. ఈ ఏడు మెంటారింగ్ నాకు అప్పజెప్పారు. మీ దగ్గర ఏం పనిచేసిందో చెప్పండి ప్లీజ్.

గాజువాక_మెకానికల్:
ఇంట్రెస్ట్ లేక కాదు మేడం, నేనే సాక్షి. నాన్నకి పని ఆగిపోతే పరవాడలో ఫార్మా కంపెనీలో నైట్ షిఫ్ట్‌కి చేరా, పొద్దున్న ఆరింటికి షిఫ్ట్ దిగి బస్సెక్కి ఇంటికొచ్చి తొమ్మిదింటి ల్యాబ్‌కి ఎలా వెళ్తాం, నిద్రపోయేవాడిని. హాజరు 75 శాతం ఉండాలి, 65 దాటితే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, తగ్గింది మన్నించమని కండోనేషన్ ఫీజు కట్టొచ్చు, నాది 65 కిందకి పోయి డీటెయిన్, అంటే ఆ ఏడు మళ్లీ చదవాలి. నోటీస్ బోర్డులో పేరు చూశాక మళ్లీ గేటు తొక్కలేదు. రెండు నెలలకి థర్మో సార్ ఫోన్. తిడతారనుకున్నా, "ఏటయిందిరా" అన్నారంతే, ఏడుపొచ్చేసింది. హెచ్ఓడీతో మాట్లాడి నన్ను మధ్యాహ్నం ల్యాబ్ బ్యాచ్‌లో వేయించారు. ఐదేళ్లు పట్టింది కానీ పూర్తిచేశా. ఆ ఫోన్ డీటెయిన్‌కి ముందే వచ్చుంటే ఏడాది మిగిలేది.

పాడేరు_అమ్మాయి:
నాది ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇక్కడ అంతా ఇంగ్లీష్. మొదటి మిడ్‌లో 20కి 3 వచ్చాయి. ఆదివారం ఆర్టీసీ కాంప్లెక్స్‌కెళ్లి ఊరి బస్సెక్కేద్దామని బ్యాగు కూడా సర్దుకున్నా. బోటనీ మేడం నా పేపర్ మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో "రేపు వచ్చి ఇదే తెలుగులో చెప్పు" అని రాశారు. వెళ్లి చెప్పాను, మొత్తం చెప్పేశాను. "సబ్జెక్ట్ నీకొచ్చమ్మా, భాషే రాలేదు" అన్నారు. ఆ కాయితం ఇప్పటికీ దాచుకున్నా.

గెస్ట్_ఫ్యాకల్టీ:
చదవడానికి బానే ఉంది అక్కా. గంటకి ఇంతని జీతం మాకు, ఈ ఫోన్లన్నీ ఎవరి టైంలో చేయాలి? పిల్లల మీద ప్రేమ లేక కాదు.

అక్కయ్యపాలెం_సీనియర్:
తమ్ముడు చెప్పిందే అసలు విషయం. మాకూ మెంటార్ పుస్తకాలుండేవి, కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే నాక్ టీం వచ్చే వారం అందరం కూర్చుని ఒకే పెన్నుతో నింపేవాళ్లం. వారానికో గంట మెంటారింగ్‌ని టైంటేబుల్‌లో పెట్టి వర్క్‌లోడ్‌లో లెక్కేశాకే కథ మారింది, గెస్ట్ వాళ్లకీ ఆ గంటకి డబ్బులిచ్చారు. అందర్నీ ఒప్పించాలని మీటింగులు పెట్టకండి మేడం, ఇష్టమున్న నలుగురితో మొదలెట్టండి. మూడో వారంలోనే రిజిస్టర్ చూడండి, వరుసగా మూడు రోజులు రాకపోతే అదే రోజు ఫోన్. ఫీజు బాకీ అని హాల్ టికెట్ ఆపితే మీ కష్టమంతా బూడిదలో పోసినట్టే, అది ప్రిన్సిపాల్‌తో ముందే తేల్చుకోండి. ఆల్రెడీ మానేసినవాళ్లకి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ గురించి చెప్పండి, పాసైన సబ్జెక్టుల క్రెడిట్లు దాచే ఆన్‌లైన్ ఖాతా అది, 2021లో వచ్చింది, అందులో చేరిన క్రెడిట్లు 7 ఏళ్ల దాకా చెల్లుతాయి. ఇది లెక్చరర్లకే తెలీదు, పిల్లలకి ఎవరు చెప్తారు?

మద్దిలపాలెం_మేడం:
అందరికీ థాంక్సండి. ఇవాళ రిజిస్టర్ తిరగేస్తే ఒకబ్బాయికి వరుసగా తొమ్మిది ఆబ్సెంట్లు. ఫోన్ చేస్తే వాళ్లమ్మ ఎత్తారు. "జూన్ 14తో చేపల వేట నిషేధం అయిపోయింది కదమ్మా, ఆళ్ల నాన్నతో వేటకెళ్లాడు, ఫీజుకి డబ్బులు కావాలి గదా" అన్నారు. నేనేమో బద్ధకం అనుకున్నాను ఆ పిల్లాణ్ణి. శుక్రవారం బోటు ఒడ్డుకొస్తుందట. శనివారం పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తున్నా, ఫిజిక్స్ సార్ కూడా వస్తానన్నారు.