థైరాయిడ్ ఉంటే క్యాబేజీ మానేయాలా? అమ్మకి ఏం పెట్టాలి?

పటమట_పిల్ల:
అందరికీ నమస్తే, మాది విజయవాడ. పోయిన నెల టెస్ట్‌లో అమ్మకి టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్) ఎక్కువ వచ్చింది, హైపో, అంటే థైరాయిడ్ సరిపడా పనిచేయట్లేదు అన్నారు, థైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు రాశారు. అప్పట్నుంచి చుట్టాలు తలా ఒకటి చెప్తున్నారు, క్యాబేజీ వద్దు, కాలీఫ్లవర్ వద్దు, రాగిజావ వద్దు, వేరుశనగలు వద్దు అని. అమ్మ భయపడిపోయి పొద్దున రెండిడ్లీ, మధ్యాహ్నం చారన్నం తప్ప ఏం ముట్టట్లేదు, నీరసంగా పడుకుంటోంది. చూస్తుంటే బాధగా ఉంది. ఏం పెట్టొచ్చో చెప్పండి ప్లీజ్.

బ్రాడీపేట_అక్క:
అమ్మా, తిండి సంగతి తర్వాత, ముందు టాబ్లెట్ ఎలా వేసుకుంటున్నారో చూడు. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి, కాఫీ కూడా తాగకూడదు. మన ఇళ్లల్లో లేవగానే కాఫీ పడాల్సిందే కదా, దాంతో పాటు వేసుకుంటే మందు ఒంటికి సరిగ్గా పట్టదు. కాల్షియం, ఐరన్ బిళ్లలు ఉంటే నాలుగ్గంటలు గ్యాప్ ఉండాలి. మా అత్తగారు అన్నీ కలిపి గుప్పిట్లో వేసేసుకునేవారు, డోసు పెంచినా టీఎస్‌హెచ్ దిగలా, కాల్షియం రాత్రికి మార్చాకే దిగింది.

మంగళగిరి_బాబాయ్:
క్యాబేజీ ఉడికించి తింటే ఏం కాదమ్మా, థైరాయిడ్‌కి అడ్డం పడేవి ఉడికితే చాలావరకు తగ్గిపోతాయి. పెసరపప్పు వేసి కూర చేసి పెట్టు. రోజూ పచ్చి క్యాబేజీ జ్యూసులు తాగడం, మూడు పూటలా సజ్జలే తినడం లాంటివి మాత్రం వద్దు. మీల్‌మేకర్ కూడా మానక్కర్లేదు, టాబ్లెట్ టైముకి దూరంగా తింటే చాలు. అసలు చూడాల్సింది ఉప్పు. ఆవకాయకీ గోంగూరకీ కల్లుప్పు వాడతాం సరే, కొందరు ఆరోగ్యం అని కూరల్లో కూడా అదో సైంధవ లవణమో వేస్తున్నారు, చాలావాటిలో అయోడిన్ కలపరు, ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అని ఉందో లేదో చూడు. పెద్దవాళ్లకి రోజుకి 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు, అది మామూలు ప్యాకెట్ ఉప్పుతోనే వచ్చేస్తుంది. అలాగని అయోడిన్ డ్రాప్సు, సముద్రపు నాచు క్యాప్సూల్స్ సొంతంగా కొనొద్దు, ఎక్కువైనా థైరాయిడ్ దెబ్బతింటుంది.

బ్రాడీపేట_అక్క:
అవును బాబాయ్ గారూ. పాపా, చారన్నంతో బలం ఎక్కడ్నించి వస్తుంది? పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం తోటకూర పప్పు, ఒక గుడ్డు, తింటే చేపల పులుసు పెట్టు, గుడ్డులో చేపలో సెలీనియం ఉంటుంది, థైరాయిడ్‌కి అది కావాలి. హైపోలో మలబద్ధకం కూడా ఉంటుంది, బెండకాయ, జామకాయ బాగా తినిపించు. వేరుశనగలు గుప్పెడు తింటే ఏం కాదు.

పటమట_పిల్ల:
చాలా థ్యాంక్స్ అక్కా, బాబాయ్ గారూ. మరి రాగిజావ? ఇంకోటి, జుట్టు రాలుతోందని అమ్మ బయోటిన్ అనే విటమిన్ బిళ్లలు కూడా వాడుతోంది.

మంగళగిరి_బాబాయ్:
జావ తాగొచ్చు, టాబ్లెట్ వేసుకున్న వెంటనే కాకుండా. బయోటిన్ సంగతి మాత్రం డాక్టర్‌కి, ల్యాబ్‌లో కూడా చెప్పండి, దానివల్ల రిపోర్టులు తప్పుగా రావచ్చు, టెస్టుకి ఎన్ని రోజుల ముందు ఆపాలో వాళ్లే చెప్తారు. టాబ్లెట్ మొదలుపెట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్లీ టీఎస్‌హెచ్ చేయించండి, అంతకుముందు చేయిస్తే డోసు సరిపోతుందో లేదో తెలీదు.