అప్‌డేట్: అనంతగిరి ఘాట్‌కి గ్రావెల్ బైక్ (మట్టి, కంకర దారుల్లోనూ తొక్కగల సైకిల్) గేర్లు, సమస్య తీరింది
నెల క్రితం అడిగాను కదా, ముందు 40 పళ్ల చైన్‌రింగ్ (పెడళ్ల దగ్గరుండే పళ్ల చక్రం), వెనక 11-42 క్యాసెట్ (వెనక చక్రానికుండే, 11 నుంచి 42 పళ్ల దాకా ఉన్న పళ్ల చక్రాల సెట్), ఎస్.కోట (శృంగవరపుకోట) నుంచి ఘాట్ ఎక్కుతుంటే మోకాళ్లు పట్టేస్తున్నాయని. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. పనిచేసింది మాత్రం ముందు రింగ్ 36కి మార్చమన్న మాటే. పెద్ద చక్రానికి 46 పళ్లుండే క్యాసెట్ కొనేద్దామనుకున్నాను గానీ నా డీరైలర్ (చైన్‌ని ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) 42 పళ్ల వరకే పడుతుందని విజయనగరంలో మెకానిక్ చెప్పాడు, ఆ ఖర్చు తప్పింది. చైన్‌లో రెండు లింకులు తీశాడు, అంతే. అన్నిటికన్నా తేలిక గేర్ (ముందు పళ్లని వెనక పళ్లతో భాగిస్తే వచ్చేది) 0.95 నుంచి 0.86కి దిగింది, అంటే దాదాపు 10 శాతం తేడా. మొన్న ఆదివారం ఎక్కడా దిగి నడిపించకుండా ఎక్కేశాను (టీకి ఆగింది లెక్కలోకి రాదు). టైర్లో గాలి, క్రాంక్ (పెడల్ తగిలించే కడ్డీ) పొడవు అని ఎంత చర్చ జరిగిందో, నా విషయంలో వాటికీ దీనికీ సంబంధమే లేదు. చదును రోడ్డు మీద నిమిషానికి 90 తొక్కుళ్లకి స్పీడు గంటకి 39 కి.మీ. దగ్గర ఆగిపోతోంది, నాకది చాలు.